పైకి పారే ఏరు

నేను మంచుని దగ్గరగా చూసింది చెరుకురసం బండి మీదే. గోనెపట్టాలో చుట్టిన దిమ్మ, దాన్ని పగలగొట్టడానికో చెక్క సుత్తి. అలాంటి నా చేతికి, ఏడాదిలో ఎక్కువ నెలలు గడ్డకట్టుకుని ఉండే ఒక ఏటిని అప్పగించారంటే, అప్పగించిన వాళ్ళ ధైర్యమే ధైర్యం.

ఆ ఏరు భూగోళం నెత్తి మీద ఉంది. దక్షిణాన కొండల్లో పుట్టి, చెట్లు మరుగుజ్జులై ఆ తర్వాత అసలు లేకుండా పోయే నేల మీదుగా ఉత్తరపు సముద్రంలో కలుస్తుంది. దాని పేరు ఇక్కడ రాయను. రాసినా మీరు విని ఉండరు, పోయినేడు దాకా నేనూ వినలేదు. పైగా దానికి ఉన్నది ఒక పేరు కాదు. పాత పటాల్లో ఉన్నది, ఒక వేసవిలో పడవేసుకుని అటు వెళ్ళొచ్చిన ఎవరో దొర పెట్టిన పేరు. ఆ ఒడ్డున రెయిన్‌డీర్ దుప్పుల మందల్ని తోలుకుంటూ తరతరాలుగా బతుకుతున్నవాళ్ళు మాత్రం ఎగువన ఒక పేరుతో, దిగువన ఇంకో పేరుతో పిలుస్తారు.

ఆ ఏటి వల్ల నాకు రెండు మేళ్ళు జరిగాయి. ఒకటి, ఉద్యోగం నిలబడింది. రెండోది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నేను పందొమ్మిదేళ్ళు భూగోళం టీచర్ని. బడి ఎందుకు మానేశానన్నది ఇక్కడ అనవసరం. రంగూన్‌లో నా వయసు టీచర్లలో చాలామందికి అలాంటి కథే ఉంది. మా వీధిలో అందరూ ఇప్పటికీ నన్ను సయామా అనే పిలుస్తారు, అంటే టీచరమ్మా అని. పాఠం చెప్పని టీచరమ్మని అలా పిలుస్తుంటే మొదట్లో చిరాకేసేది. తర్వాత అలవాటైపోయింది.

ఊరి నడిబొడ్డున పబేడాన్ పేటలో మా ఇల్లు నాలుగో అంతస్తు. లిఫ్టు లేదు. ఇంట్లో నేను, ఎనభై దాటిన మా నాన్న. పోయిన వర్షాకాలం ఆయన మెట్ల మీద జారి పడ్డాడు. ఎముకలేమీ విరగలేదు గానీ, ఆయనకి మెట్ల మీద, నాకు ఆయన మీద నమ్మకం పోయింది. అప్పటినుంచి ఆదివారం చర్చికి తప్ప కిందికి దిగడు, అదీ నా భుజం పట్టుకునే.

ఉద్యోగం విషయానికొస్తే, నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి పరదేశంలో ఉంటూ, ఉత్తర ధ్రువం వైపు నదులకి కొత్త పటాలు తయారుచేసే ఒక చిన్న సంస్థకి నా పేరు చెప్పింది. ఆకాశం నుంచి తీసిన ఫోటోలు వాళ్ళు పంపుతారు. వాటి మీద మనం ఏటిని గీయాలి. ఏరు పుట్టిన వైపు మొదటి చుక్క పెట్టి, వంపువంపుకీ చుక్కలు పెట్టుకుంటూ సముద్రం వైపు వెళ్ళాలి. మనం ఏ క్రమంలో చుక్కలు పెడితే ఆ క్రమంలోనే నీళ్ళు పారుతున్నట్టు లాప్‌టాప్ రాసుకుంటుంది. గీత మీద చిన్న చిన్న బాణాలు కనిపిస్తాయి.

పరీక్షగా మూడు షీట్లు, అంటే మూడు పటం ముక్కలు, ఇచ్చారు. మొదటిది వంపులు కోసేశానని తిరిగొచ్చింది. రెండోది పక్కనున్న చెరువుల్ని ఏటిలో కలిపేశానని తిరిగొచ్చింది. తిప్పి పంపేది ఇంకో దేశంలో ఉన్న ఆవిడ, గీసినవన్నీ సరిచూడటం ఆవిడ పని. మర్యాదగానే రాసేది. మూడోది కూడా తప్పితే ఇక పని ఇవ్వలేమని కూడా అంతే మర్యాదగా రాసింది.

ఇది పోతే నాకున్నది ఒకటే దారి. ఊరి చివర లైంగ్‌థార్యార్‌లో ఒక బట్టల ఫ్యాక్టరీ స్టోరులో మా పిన్ని కూతురు చోటు చూసిపెట్టింది. పొద్దున ఐదింటికి బస్సెక్కితే చీకటిపడ్డాక ఇల్లు చేరడం. అంతసేపూ నాన్న ఆ నాలుగో అంతస్తులో ఒక్కడే. లేవబోయి పడితే లేపేవాళ్ళుండరు. ఆయన దగ్గర ఉండి చేసుకోగలిగిన పని ఇదొక్కటే దొరికింది, ఆ మూడో షీటు మీదే అంతా ఆధారపడి ఉంది.

ఇక నాన్న గురించి చెప్పాలి. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి ఈ రేవులో మూటలు మోయడానికొచ్చాడు. నాన్న మూటల దాకా పోలేదు, సర్వే లాంచి ఎక్కాడు. ముప్పై ఏళ్ళకి పైగా ఏటి లోతు కొలవడమే ఆయన పని. పొడుగాటి తాడు, చివర సీసపు గుండు. గుండు అడుగున చిన్న గొయ్యి, అందులో కొవ్వు పూస్తారు. నీళ్ళలోకి వేసి లాగితే, అడుగున ఇసకుంటే ఇసక, బురదుంటే బురద ఆ కొవ్వుకి అంటుకుని పైకొస్తుంది. తాడు ఎన్ని బారలు మునిగిందో నాన్న గొంతెత్తి చెప్పాలి, లోపల కూర్చున్నవాళ్ళు రాసుకోవాలి. "మూడు బారలో... మూడున్నరో..." అని సాగదీసి అరిచి అరిచి, చివరికి చర్చిలో ఆమెన్ కూడా అలాగే సాగదీస్తాడు. మా పాస్టరుగారు ఆయన కోసం ఒక్క క్షణం ఆగడం నేర్చుకున్నారు.

ఇప్పుడు ఆయన ఏటికి దూరమై, ఉన్న తాడుతో సరిపెట్టుకున్నాడు. ఈ ఊళ్ళో మేడ మీదివాళ్ళందరికీ బాల్కనీ నుంచి కిందికి ఒక తాడు వేలాడుతూ ఉంటుంది. రొట్టెలో, కూరగాయలో కిందవాళ్ళు తాడుకి తగిలిస్తే పైకి లాక్కుంటాం. మా ఇంట్లో ఆ తాడు ఎవరూ ముట్టుకోకూడదు, అది నాన్నది. రెండు చేతులూ చాపి, బార బారా లెక్కపెట్టుకుంటూ లాగుతాడు. మా బాల్కనీ ఏడు బారల ఎత్తు. ఈ ముక్క రోజుకి రెండుసార్లయినా నాకు చెబుతాడు.

ఆ వారం మా వీధికి కరెంటు వంతు పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా. షీటు పంపడానికి అదే ఆఖరి రోజు. నేను ముందు రోజుల్లోనే అంతా గీసేసి, ఇక చివరిసారి సరిచూసుకుంటున్నాను. నాన్న టీ గ్లాసు పట్టుకుని నా వెనకాల కుర్చీ వేసుకున్నాడు. మామూలుగా ఆయనకి లాప్‌టాప్ అంటే పడదు. ఆ రోజు మాత్రం చాలాసేపు తెరనే చూశాడు.

"ఏటమ్మా ఇది? ఏరేనా?"

"ఏరే నాన్నా. మంచు దేశంలో ఏరు."

"మరి ఏరుని ఎనక్కి నడిపిస్తన్నావేటి?"

నాకు ఒళ్ళు మండింది. కరెంటు పోయే వేళ దగ్గరపడుతుంటే ఈయనగారి వేళాకోళం ఒకటి. "నీకు తెలీదు నాన్నా, ఇది మన రంగూన్ ఏరు కాదు" అన్నాను.

"ఏదైతేటి? నీళ్ళు నీళ్ళే గదా" అని కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "ఇటు సూడు. ఈ గెడ్డలు సూడు."

చిన్న ఏరుల్ని మా నాన్న గెడ్డలంటాడు. మా తాత ఊరి మాట అది. ఆయన వేలు తెర మీద పెట్టి చూపించాడు. ఫోటోలో గెడ్డలన్నీ పెద్ద ఏటిలోకి ఏటవాలుగా వచ్చి కలుస్తున్నాయి. ప్రతిదీ కిందినుంచి పైకే వాలి ఉంది.

"పిల్ల గెడ్డ ఒచ్చి కలిసీటప్పుడు ఎటు తిరుగుతాది? పెద్దేరు ఎటెల్తే అటే తిరుగుతాది. ఎదురెల్లి కలుస్తాదేటి? ఇదిగో, ఈ దిబ్బలు సూడు. దిబ్బకి తల ఉంటాది, తోక ఉంటాది. తల మొద్దుగా నీళ్ళకి ఎదురుగుంటాది, తోక సన్నగా నీళ్ళతో పోతాది. నీ దిబ్బల తోకలన్నీ మీదికే ఉన్నాయి. నీ బాణాలేమో కిందికున్నాయి."

నేను చూశాను. మళ్ళీ చూశాను.

పటంలో పైవైపు ఉత్తరం. ఆ ఏరు ఉత్తరానికి పారుతుంది, అంటే పటంలో పైకి పారాలి. ఈ సంగతి నాకు తెలియక కాదు. ఉత్తరానికి పారే నదుల గురించి పందొమ్మిదేళ్ళు పాఠం చెప్పాను. వసంతంలో దక్షిణాన ఎగువ మంచు ముందు కరుగుతుంది, దిగువన మంచు ఇంకా కరగక దారికి అడ్డం పడుతుంది, అందుకే అక్కడ వరదలొస్తాయని బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పేదాన్ని. పరీక్షలో అడిగేదాన్ని కూడా. రాయని పిల్లల్ని తిట్టేదాన్ని. కానీ షీటులో సముద్రం లేదు, ఏటి నడుమ ముక్క మాత్రమే ఉంది. పుట్టినప్పటినుంచీ చూసిన ఏరులన్నీ ఉత్తరాన్నుంచి దక్షిణానికి దిగేవే. బుర్రని పక్కకి నెట్టి చెయ్యి తనకి అలవాటైన పని చేసుకుపోయింది. పైన మొదలుపెట్టి కింద ఆపాను. గెడ్డల్ని కూడా ఆ తప్పుకి తగ్గట్టే, పెద్ద ఏటిలోంచి చీలి కిందికి పోతున్నట్టు గీశాను.

"నీళ్ళు చూడకుండా ఎలా చెప్పావు నాన్నా?" అన్నాను.

"నీళ్ళని నమ్ముతావేటే పిచ్చిదానా! మన ఏరు రోజుకి రెండు మార్లు ఎనక్కి నడుస్తాది, సముద్రం పోటేస్తే. నీళ్ళని సూసి ఏరెటు పోతాదో సెప్పకూడదు. మట్టిని సూసి సెప్పాల."

గోడ మీద గడియారం పదకొండు దాటింది. పెద్ద ఏటిని తిప్పడం తేలిక. గెడ్డలు నలభైకి పైగా ఉన్నాయి, అందులో కొన్ని వంకర్లు తిరిగి తిరిగి ఏది ఎటు పోతుందో తెలియకుండా ఉన్నాయి. నాన్న చూసి చెప్పాలి, నేను తిప్పాలి. వాటికి లాప్‌టాప్‌లో ప్రోగ్రాము ఇచ్చిన అంకెలు పొడుగ్గా ఉంటాయి, అవి ఆయన నోట తిరగవు. రెండు నిమిషాలకే విసుక్కున్నాడు.

"అంకెలొగ్గేయ్. దీనికి కుక్కతోక అని పేరెట్టు. ఆ సివర సెరువున్నది ముక్కుపుడక. అది, మద్దిలో మాయమైపోయి మల్లీ తేలినాదే, అది దొంగ. ఇదిగో ఇది, ఒక్క వంపూ లేకండా ఎంతకీ తెమలటం లేదు, ఇది పాస్టరుగారు."

ఆయనకిది కొత్త కాదు. వాళ్ళ లాంచి మీద ఒక వాడుక ఉండేదట. వర్షాకాలం పోయాక ఏటిలో కొత్త ఇసకదిబ్బలు లేస్తాయి. కొత్త దిబ్బ ఎవరి గుండుకి మొదట తగిలితే, పేరు పెట్టే హక్కు వాడిదే. లాంచి నడిపే సారంగు కూడా దాన్ని మార్చడానికి వీల్లేదు. అలా పుట్టిన పేర్లు ఏ పటంలోనూ ఉండవు, లోతు కొలిచే తెలుగువాళ్ళ నోళ్ళలో ఉంటాయి.

గుర్తుకోసం నేను ఆ పేర్లని ఇంగ్లీషు అక్షరాల్లో పేరు అన్న గడిలో కొట్టుకుంటూ పోయాను. ఎదురెదురుగా వచ్చి ఒకేచోట కలుస్తూ, రంగులు మాత్రం కలవని రెండు గెడ్డలకి అత్తా కోడలూ అని పెట్టాడు. అంత హడావిడిలోనూ ఇద్దరం పడీ పడీ నవ్వాం. నాన్న అలా నవ్వి చాలాకాలమైంది. ఒంటిగంటకి పది నిమిషాలుండగా ఆఖరి గెడ్డ తిప్పేసి, షీటు పంపేసి, చేతులు జోడించి దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. సరిగ్గా ఒంటిగంటకి ఫ్యాను ఆగిపోయింది.

పేర్లు తీసేయడం మర్చిపోయానని మర్నాడు అన్నం తింటుండగా గుర్తొచ్చింది.

వాళ్ళు ముందే పంపిన నియమాల్లో మొదటి పేజీలోనే ఉంది, పేరు గడిలో సొంతంగా ఏమీ రాయకూడదని. ఆ మధ్యాహ్నమే, కరెంటు పోకముందే, సరిచూసే ఆవిడ ఉత్తరం వచ్చింది. నీటి పారుదల పూర్తిగా సరిగ్గా ఉందని రాసింది. ఈ షీటు నాకంటే ముందు ఇంకో ఇద్దరి చేతికి వెళ్ళిందట, ఇద్దరూ తలకిందులుగానే గీశారట. అది చదివి గర్వపడేలోపే కింద ఇంకో పేరా ఉంది. పదకొండు గెడ్డలకి పేర్లు కనిపిస్తున్నాయి, ఇవి ఏ భాషవి, ఎక్కడ దొరికాయి అని అడిగింది. ఒకప్పుడు వచ్చి వెళ్ళినవాళ్ళు తమకి తోచిన పేర్లు పెట్టేసి వెళ్ళారు, వాటిని తీసి అక్కడివాళ్ళ పేర్లు అక్కడివాళ్ళకి ఇవ్వడానికే ఈ పటం వేస్తున్నాం, దయచేసి వెంటనే వివరం పంపండి అని రాసింది.

అంటే నేను చేసింది, వాళ్ళు ఏ తప్పుని దిద్దుతున్నారో సరిగ్గా అదే తప్పు. ఆ దొర కనీసం అక్కడిదాకా వెళ్ళి పెట్టాడు. నేను పబేడాన్‌లో టీ తాగుతూ పెట్టాను.

ఉక్రోషం ఎవరి మీద చూపించాలో తెలియక నాన్న మీద చూపించాను. "నీ కుక్కతోకలూ ముక్కుపుడకలూ నా కొంప ముంచాయి నాన్నా! నిన్నెవరు పేర్లెట్టమన్నారు?" అని అరిచాను. పక్క వాటా వాళ్ళకి వినపడేలా అరిచాను. ఆయన లేచి బాల్కనీలోకి వెళ్ళి, కింద ఎవరూ ఏమీ తగిలించకపోయినా, తాడు పైకి లాగడం మొదలుపెట్టాడు. లెక్క వినపడలేదు. నోట్లోనే లెక్కపెట్టుకుంటున్నాడు. ముందు రోజు నన్ను ఒడ్డున పడేసిన మనిషిని ఆ మాట అన్నందుకు ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంది.

ప్రోగ్రాము తప్పు చేసిందని రాసేద్దామా అని ఒకసారి అనిపించింది. నాన్నతో అన్నాను కూడా, క్షమాపణ అడగడం చేతకాక సలహా అడిగినట్టు.

"నిజం రాసీయ్" అన్నాడు. "ఇసకొస్తే ఇసకనాల, బురదొస్తే బురదనాల. అబద్దం సెప్తే ఓడ ఇసకలో కూకుంటాది."

నిజమే రాశాను. షీటు తలకిందులుగా గీసింది నేనని, పట్టుకున్నది మా నాన్నని, ఆయన ఒకప్పుడు ఇక్కడి ఏటిలో లోతు కొలిచేవాడని, గుర్తుకోసం చెప్పిన పేర్లని తీయడం మర్చిపోయింది నేనని, ఆయన తప్పేమీ లేదని. ఆఖరి వాక్యం రాసేటప్పుడు కళ్ళు మసకబారాయి. పంపేసి నాన్న దగ్గరికి వెళ్ళి, తప్పయిపోయింది నాన్నా అన్నాను. "ఒగ్గేయమ్మా. ఆకలేస్తంది" అన్నాడు. మిగిలిపోయిన చారు వేడిచేసి పెట్టాను.

తర్వాత నాలుగు రోజులు జవాబు లేదు. ఐదోరోజు లైంగ్‌థార్యార్ వెళ్ళి స్టోరు సూపర్‌వైజరుని కలవాలని మా పిన్ని కూతురు ఫోను చేసింది. చీర పెట్టెలోంచి తీశాను, ఇస్త్రీకి కరెంటు కోసం చూస్తున్నాను. తొమ్మిదికి కరెంటొచ్చింది, దాంతోపాటు లాప్‌టాప్‌లో ఉత్తరమూ వచ్చింది.

పేర్లు తీసేశానని రాసింది ఆవిడ. మీరు దాచకుండా చెప్పినందుకు కృతజ్ఞతలు, తర్వాతి పన్నెండు షీట్లు పంపుతున్నాను, పంపేముందు ప్రతిదీ మీ నాన్నగారికి ఒకసారి చూపించగలరా అని రాసింది. మీ నాన్నగారికి నా నమస్కారాలు అని విడిగా ఇంకో వాక్యం. నేను చీర మడిచి పెట్టెలో పెట్టేశాను. మా పిన్ని కూతురికి ఫోను చేసి, రానని చెప్పి, ఆమె తిట్లు సంతోషంగా విన్నాను.

ఆ ఉత్తరం రాసినావిడ మొహం నేను చూడలేదు. ఎన్నడూ చూడకపోవచ్చు. కానీ పొద్దున ప్రార్థనలో మా వాళ్ళందరి తర్వాత ఆవిడని కూడా తలుచుకుంటాను. ఎక్కడో కూర్చుని, తప్పు ఒప్పుకున్న మనిషిని తీసిపారేయకుండా ఉండటం ఆవిడకి చిన్న పని అయివుండొచ్చు. మా ఇంట్లో దానివల్ల ఒక ముసలాయన పగలంతా ఒంటరిగా ఉండే గండం తప్పింది.

ఉత్తరంతోపాటు ఒక జాబితా కూడా ఉంది. మేం ఇష్టమొచ్చినట్టు పిలిచిన గెడ్డల అసలు పేర్లు, ఆ ఒడ్డున బతికే పెద్దవాళ్ళని అడిగి రాసుకున్నవి, పక్కనే వాటి అర్థాలు. నాన్నకి చదివి వినిపించాను. పేర్లు పలకడం నాకు రాలేదు, అర్థాలే తెలుగు చేసి చెప్పాను.

మేం కుక్కతోక అన్నది వాళ్ళకి బండి విరిగిన గెడ్డ. దొంగ అన్నదాన్ని ముసలమ్మ దాటిన గెడ్డ అంటారు. పాస్టరుగారు అన్నది చేప దొరకని గెడ్డ. అక్కడ నాన్న కడుపు పట్టుకుని నవ్వి, "ఆళ్ళూ మనలాంటోళ్ళే" అన్నాడు. మందలతో వలసపోతూ ఎక్కడ ఏం జరిగితే ఆ చోటికి అదే పేరు పెట్టుకుంటారట. బండి విరిగి ఎన్ని తరాలైందో, ఆ ముసలమ్మ ఎవరో, ఇప్పుడున్నవాళ్ళకి కూడా తెలియదట.

ముక్కుపుడక దగ్గరికొచ్చాను. "ఇది పిల్ల పుట్టిన గెడ్డట నాన్నా. దారిలో ఎవరో కన్నట్టుంది."

నాన్న నవ్వు ఆగింది. గ్లాసు కింద పెట్టాడు.

"మనకీ ఒకటుంది" అన్నాడు.

"ఏంటి?"

"లైంగు ఏటిలో. సంటిదాని దిబ్బ."

నేనెప్పుడూ వినలేదన్నాను. "ఎలగ వింటావు? మీ అమ్మ ఇంట్లో ఆ మాట అననిచ్చీది కాదు" అన్నాడు. తర్వాత మెల్లగా, మధ్యలో ఆగుతూ చెప్పాడు.

నేను పుట్టిన రోజు ఆయన లాంచి మీద ఉన్నాడు. వానలు అప్పుడే తగ్గాయి. సాంపాను పడవ వేసుకుని పోతున్న మనవాడొకడు దూరం నుంచే కేకేశాడట, నీకు ఆడపిల్ల, ఇద్దరూ బాగున్నారు అని. ఆ కేక వినపడేసరికి గుండు నీళ్ళలో ఉంది. నాలుగు బారలుండాల్సిన చోట ఒకటిన్నరకే తగిలింది. కొత్త దిబ్బ. పేరు పెట్టే హక్కు ఆయనది.

"సంటిదాని దిబ్బ అన్నాను. అందరూ నవ్వినారు. ఓడలు కూకుండిపోయే దిబ్బకి కూతురి పేరెడతావేటిరా అని. మీ అమ్మకి తెలిసి మూడు రోజులు నాతో మాటాడలేదు. ఆడపిల్లని దిబ్బంటావా అని. అందుకే ఇంట్లో ఎప్పుడూ అనలేదు. బయట మటుకు అందరం అదే పేరు. ఇప్పుడు పని సేసీ మనోళ్ళు కూడా అలగే అంటారు."

నలభై ఏడేళ్ళుగా ఈ ఊళ్ళో ఉన్నాను. ఊరి పక్కనే పారే ఆ ఏటిని ఎన్నోసార్లు వంతెన మీదనుంచి బస్సులో దాటాను, ఎన్నోసార్లు కిటికీ సీటు దొరకలేదని విసుక్కున్నాను. నా పేరుతో ఒక చోటుందని, ముక్కూమొహం తెలియనివాళ్ళు నన్ను రోజూ పిలుస్తున్నారని ఆ ఉదయం దాకా నాకు తెలియదు.

సరిచూసే ఆవిడ ఉత్తరం చివర ఇంకో మాట అడిగింది. మీ నాన్నగారి ఏటిలో పేర్లు ఎక్కడైనా రాసి ఉన్నాయా, లేకపోతే మీరే రాయవచ్చు కదా అని. కొత్త నోటుపుస్తకం తీసి, మొదటి పేజీలో గళ్ళు గీశాను. పేరు, చోటు, లోతు.

"ఇప్పుడా దిబ్బ ఎంతుంది నాన్నా?"

"ఎక్కడుందమ్మా! రెండు వానల్లోనే కొట్టుకుపోనాది. ఆకరిసారి నేను గుండేసినప్పుడు అయిదు బారలు. ఎంత పెద్ద ఓడైనా బెదురు లేకండా ఎల్లిపోతాది."

"దిబ్బే లేనప్పుడు ఇంకా దిబ్బంటారెందుకు?"

నేను అడగకూడనిది అడిగినట్టు చూశాడు.

"దిబ్బ పోతే పోనాది" అన్నాడు. "నువ్వున్నావు గదా."

మొదటి గడిలో సంటిదాని దిబ్బ అని రాశాను. చోటు ఆయన వేలితో గీసి చూపించాడు, అదీ రాశాను. లోతు దగ్గర అయిదు బారలు అని రాశాను.